మెరుగు పెట్టని పిస్తోలు

కువైట్‌లోని జహ్రాలో, అబూ మిషారీ ఇంట్లో డ్రైవరు గంగాప్రసాద్‌కు రెండు పేర్లున్నాయి. అరబ్బీలో ‘ప’ అక్షరం లేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు ‘బ్రసాద్’ అని పిలుస్తారు. దివానియాకు వచ్చే అతిథులు మాత్రం ‘దల్లాల మనిషి’ అంటారు. దివానియా అంటే ఇంటి ముందు భాగంలో మగవాళ్ళు కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకునే పెద్ద గది. దల్లాలంటే ఆ కాఫీ పోసే పొడుగు ముక్కు ఇత్తడి కూజాలు. ఆ గదిలో అవి ఏడు వరసగా ఉంటాయి. పదేళ్ళ కిందట, ఇంటి పెద్దాయన అబూ మిషారీ ఆసుపత్రిలో ఉండి కారు కదలని వారంలో, చేతులు ఊరికే ఉండలేక గంగాప్రసాద్ ఆ ఏడింటికీ మెరుగు పెట్టాడు. ఇంటికి తిరిగొచ్చిన పెద్దాయన ఒకదాన్ని ఎత్తి అందులో తన గడ్డం చూసుకుని, మనవణ్ణి పిలిచి దువ్వెన తెమ్మన్నాడు. అప్పటినుంచి చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా పండగకు ముందు తమ దల్లాలు పంపించడం మొదలుపెట్టారు.

ఆ విద్య అతనికి కువైట్‌లో అబ్బింది కాదు. జగిత్యాల జిల్లాలో కోరుట్ల దగ్గరి పల్లె నుంచి పదిహేడేళ్ళ వయసులో హైదరాబాదు వెళ్ళి, బాలానగర్‌లో ఒక ప్లేటింగ్ షాపులో చేరాడు. పదకొండేళ్ళు గుడ్డ చక్రం ముందు నిలబడ్డాడు. మోటారుతో గిర్రున తిరిగే ఆ చక్రానికి మైనపు ముద్ద పట్టించి, కుళాయిలు, బండి సైలెన్సర్లు, గుడి గంటలు, క్రికెట్ కప్పులు, ఏది వస్తే అది ఆనించి మెరిపించేవాడు. సాయంత్రానికి ముక్కులోంచి నల్లటి ధూళి వచ్చేది. దగ్గు పట్టుకున్నాక డాక్టరు చక్రం మానమన్నాడు. డ్రైవింగ్ నేర్చుకుని ఈ దేశం వచ్చాడు. ఇప్పుడతనికి నలభై ఏడు. దగ్గు పోయింది కాని కన్ను మాత్రం అదే. ఎక్కడ ఏ లోహం కనిపించినా, దాన్ని ఎవరు ఎటునుంచి ఎటు రుద్దారో చూడకుండా ఉండలేడు. లిఫ్టు తలుపులు చూస్తూ నిలబడి తన అంతస్తు దాటిపోయిన సందర్భాలు ఎన్నో.

నవంబరులో ఒక బుధవారం, పెద్దాయన కొడుకు మిషారీ కారు షెడ్డులోకి వచ్చి, తువ్వాలులో చుట్టిన వస్తువొకటి బల్ల మీద పెట్టాడు. విప్పితే పిస్తోలు.

గంగాప్రసాద్ చటుక్కున వెనక్కి జరిగాడు.

“భయపడకు, ఇది పేలదు” అని మిషారీ నవ్వాడు. నిజమే. ఆ పిస్తోలు గొట్టంలో ఏనాడో సీసం కరిగించి పోశారు. గుండును కొట్టే ముల్లు తీసేశారు. ఆ సంగతి రాసి ఉన్న పోలీసు కాగితం పెద్దాయన బీరువాలో ఉంది. ఇంగ్లండులో తయారై, సైన్యానికి అక్కర తీరాక గుంపులో అమ్ముడుపోయిన ఆరు గుండ్ల పిస్తోలు అది. పెద్దాయన తండ్రి నుంచి వచ్చింది.

“రుమైథియాలో డాక్టర్ యూసుఫ్ అని ఒకాయన ఉన్నాడు. పాత ఆయుధాలు ఇంట్లో పెట్టుకోవడానికి ఆయనకు అనుమతి ఉంది. వచ్చే వారం గురువారం దీన్ని చూడ్డానికి వస్తాడు. నచ్చితే కాగితాలు మార్పించి కొంటాడు. దల్లాలను మెరిపించినట్టు దీన్నీ మెరిపించు. ఈ గుంటలు, మరకలు ఏవీ కనపడకూడదు. కొత్తదానిలా ఉంటే కొత్తదాని ధర వస్తుంది.”

గంగాప్రసాద్ తనకొచ్చిన అరబ్బీలో మెల్లగా చెప్పాడు. “ఇక్కడ వద్దు. దివానియాలో, బాబా ఎదురుగా అయితేనే ముట్టుకుంటాను.”

బాబా అంటే మిషారీ తండ్రి, ఈ ఇంటి పెద్ద, గంగాప్రసాద్‌కు వీసా ఇచ్చిన కఫీల్. ఎనభై దాటిన మనిషి. ఆ సాయంత్రం ఆయన దిండుకు ఆనుకుని జపమాల తిప్పుతూ కూర్చుంటే, గంగాప్రసాద్ కిటికీ దగ్గర నేల మీద తువ్వాలు పరిచి పిస్తోలును మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు.

అనుకున్నదానికంటే బరువుగా ఉంది. పైన నల్లటి పూత. అది నీలి రంగు పట్టించిన ఉక్కు కాదు, రంగు కొట్టి పొయ్యిలో కాల్చిన పూత. గొట్టం చివర, గుండ్ల చక్రం అంచుల్లో, అరచేయి తగిలే చోట పూత అరిగి బూడిద రంగు ఉక్కు బయటపడింది. అక్కడక్కడా ఆవగింజలంత తుప్పు గుంటలు. ఇంతవరకూ ఎవరైనా చూసేదే. గంగాప్రసాద్‌ను ఆపింది మరొకటి. పక్కన చెక్కిన ఇంగ్లిష్ అక్షరాల అంచులు మెత్తగా ఉన్నాయి. అక్షరం ఉక్కులో పడినప్పుడు అంచు కత్తిలా ఉండాలి. ఇవి నాకిన చక్కెర బిళ్ళల్లా ఉన్నాయి. కాని వాటి మీద నల్ల పూత చెక్కుచెదరలేదు. అంటే అంచులు అరిగిన తరవాతే పూత వేశారు.

‘నాకంటె ముందే ఎవడో దీన్ని గీకిండు’ అనుకున్నాడు.

ఇంకో వింత కూడా కనిపించింది. ఎడమవైపు, చక్రం కింద మురికి పేరుకున్నచోట, మూడు సన్నటి గీతలు. మొదట స్క్రూడ్రైవరు జారిందేమో అనుకున్నాడు. గోటితో తడిమాడు. జారిన గీత ఒక చివర లోతుగా మొదలై రెండో చివర పలచబడి ఆగుతుంది. ఇవి మొదలూ చివరా ఒకే లోతున ఉన్నాయి. ఎవరో కూర్చుని, తీరిగ్గా గీసినవి.

“ఏమిటి, అంతసేపు చూస్తున్నావు?” అని బాబా అడిగాడు.

“ఇంకా తెలియడం లేదు బాబా.”

“మంచిది. తెలిశాక చెప్పు” అని పెద్దాయన మళ్ళీ జపమాలలో పడ్డాడు.

వంటింటి వెనక మెట్ల మీద వెంకటేశ్వరి మెంతికూర గిల్లుతోంది. రాయచోటి దగ్గరనుంచి వచ్చి ఆరేళ్ళుగా ఆ ఇంట్లో వంట చేస్తున్న మనిషి. టీ గ్లాసు అందుకుని గంగాప్రసాద్ సంగతి చెప్పగానే ఆమె కళ్ళు పెద్దవి చేసింది.

“తుపాకీనా? నీకేమన్నా పిచ్చి పట్టిందాన్నా? దాని జోలికి పోవద్దు. రేపు ఏదన్నా తేడా వస్తే డ్రైవరే చేసినాడంటారు. ఇఖామా కార్డు కొట్టేసి ఇంటికి పంపిస్తారు, ఖలాస్!”

“అది పేలేది గాదు చెల్లె. గొట్టంల సీసం పోసిన్రు.”

“పేలకపోతే ఏంలే, పేరు తుపాకీనే కదా. చేయనని చెప్పేయ్.”

“చెప్పొచ్చు. గని నాకొకటి సమజైతలేదు. దాన్ని మెరిపిస్తె దాని ఇలువ పెరుగుతదా, తగ్గుతదా?”

“పెరగదా మరి? పోయిన సారి ఇంటికి పోయినప్పుడు నా కమ్మలు మెరుగు పెట్టిస్తి. కొత్తవాటి మాదిరి అయిపోయినాయి.”

“బంగారం సంగతి ఏరే. దానికి తూకం ఉంటది, తూకానికి ధర ఉంటది. గీ పిస్తోలు పేలది, కాల్వది, దేనికీ పనికి రాదు. మరి గా డాక్టరు దేన్ని చూసి పైసలిస్తడు?”

వెంకటేశ్వరి చేతిలో మెంతికాడ ఆగిపోయింది. “అవును సుమా… దేన్ని చూసి ఇస్తాడు?”

“గదే తెలుసుకోవాలె.”

మర్నాడు పెద్ద కారు కడుగుతుంటే బాలానగర్ రోజుల్లోని ఒక మనిషి గుర్తొచ్చాడు. ఖాకీ సంచిలో వాళ్ళ నాన్న పతకం తెచ్చిన రిటైరైన పంతులు. నిజాం సైన్యంలో ఇచ్చిన పతకం, పెళ్ళిలో అద్దాల పెట్టెలో పెట్టాలి, తళతళలాడాలి అన్నాడు. షాపు సేటు చెప్పినట్టే గంగాప్రసాద్ చక్రానికి ఆనించాడు. రెండు నిమిషాల పని. పంతులు సంతోషంగా తీసుకుపోయాడు. రెండో రోజు పొద్దున్నే వచ్చి షాపు మెట్టు మీద కూర్చున్నాడు. పతకం అంచు చుట్టూ వాళ్ళ నాన్న పేరు, నంబరు ఉండేవట. “మళ్ళీ తెప్పించొచ్చా బాబూ?” అని అడిగాడు. తిట్టలేదు. తిడితే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో. గుంట తీయడమంటే గుంట ఒక్కదాన్ని తీయడం కాదు, దాని చుట్టూ ఉన్న లోహాన్నంతా గుంట అడుగు దాకా దించడం. ఆ సంగతి పని చేసేవాడికి తెలుసు, చేయించుకునేవాడికి తెలియదు. తెలిసినవాడు ఆ రోజు నోరు విప్పలేదు.

శుక్రవారం సెలవు. పాత సామాన్ల సంతకు వెళ్ళి, ఒకే అంగడివాడి దగ్గర ఒకే రకం దల్లాలు రెండు కొన్నాడు. రెండింటి పొట్ట మీదా ఒకే పనివాడి ముద్ర, రెండూ ఒకేలా నల్లబడి ఉన్నాయి. గదికి తెచ్చి ఒకదాన్ని మధ్యాహ్నం దాకా రుద్ది అద్దంలా చేశాడు. రెండోదాన్ని బట్టతో దుమ్ము దులిపి ఊరుకున్నాడు. శనివారం మామాను, అంటే ఇంటి యజమానురాలిని, ముబారకియా బజారుకు తీసుకెళ్ళే పని పడింది. ఆమె బట్టల అంగళ్ళలో ఉండగా రెండు దల్లాలూ సంచిలో వేసుకుని బాబ్జాన్ దగ్గరికి నడిచాడు. కడపవాడైన బాబ్జాన్ ఆ బజారులో ఒక పాత వస్తువుల అంగట్లో ఇరవై ఏళ్ళుగా అమ్మకాలు చూస్తున్నాడు.

“బాబ్జాన్ భాయ్, అమ్మనీకి రెండు తెచ్చిన. ఏదానికి ఎంతిస్తవు?” అని రెండూ బల్ల మీద పెట్టాడు. ఇంకేం చెప్పలేదు.

బాబ్జాన్ మెరిసేదాన్ని ఒక్కసారి తిప్పి పక్కన పెట్టాడు. నల్లదాన్ని మాత్రం వెలుతురులోకి తీసుకెళ్ళి, మూత ఎత్తి, ముక్కులోకి చూసి, పొట్ట మీద ముద్రను వేలితో తుడిచాడు.

“నల్లదానికి దీనికంటే రెండింతలు ఇప్పిస్తా” అన్నాడు.

“గదెట్ల? గది నల్లగున్నది, గిది మెరుస్తున్నది.”

“మెరిసేది ఈ పొద్దే అమ్ముడుపోతాది. ఇంట్లో షోకు కోసం పెట్టుకునేవాళ్ళు తీసకపోతారు. నల్లది నాలుగు నెలలు ఈడ్నే కూర్చుంటాది. కానీ తెలిసినోడు ఒకడు వస్తాడు చూడు, వాడు బేరం కూడా ఆడడు.”

“రెండూ ఒక్క చేతివే గదా.”

“ఒక్క చేతివని నాకెట్ల తెలుసు? దీని మీద ముద్ర ఉండాది, చదువుకోవచ్చు. దాని మీద ముద్ర యాడుంది? నువ్వే మింగేసినావు కదబ్బా!”

గంగాప్రసాద్ మెరిసే దల్లాను లాక్కుని చూశాడు. ముద్ర ఉన్నచోట మబ్బులాంటి నీడ తప్ప ఏమీ లేదు. జాగ్రత్తగానే రుద్దానని అనుకున్నాడు. ఇంతకాలం దివానియాలో తను మెరిపించిన ఏడు దల్లాలూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. వాటి మీద ఏ ముద్రలుండేవో తనకు గుర్తే లేదు.

“అయితె పాత సామాను అస్సలు ముట్టుకోవద్దా?” అని అడిగాడు.

“అట్లని కాదు. చిలుము పట్టి తింటాంటే ఆపాల. నూనె పెట్టు, బట్టతో తుడువు. ఆపేది వేరు, గీకేది వేరు. ఇంతకీ ఏందబ్బా నీ కథ, దల్లాల కోసమేనా ఇదంతా?”

పిస్తోలు సంగతి చెప్తే బాబ్జాన్ చేతులెత్తేశాడు. “తుపాకుల సంగతి నాకు తెలీదు సామీ. కొనేవాణ్ణే అడుగు. వాడికంటే బాగా ఎవరికి తెలుస్తాది?”

ఆదివారం గంగాప్రసాద్ మిషారీకి చెప్పాడు. డాక్టర్ యూసుఫ్ చూసేదాకా ముట్టుకోవద్దు, ఇలా ఉంటేనే ఎక్కువ ఇస్తాడేమో, రెండు దల్లాలతో చూశాను అని వచ్చీరాని అరబ్బీలో వివరించబోయాడు. మిషారీ విసుక్కున్నాడు.

“తుప్పు పట్టిన కారుకు ఎవడైనా ఎక్కువ ఇస్తాడా? నిన్ను మెరిపించమన్నాను, పాఠం చెప్పమనలేదు.”

మంగళవారం సాయంత్రం నూనె గుడ్డతో తుడుద్దామని దివానియాలో పిస్తోలు తీసిన గంగాప్రసాద్ దాన్ని గబగబా కిటికీ దగ్గరికి తెచ్చాడు. పిడి వెనక, బొటనవేలు ఆనేచోట, రూపాయి బిళ్ళంత మేర నల్ల పూత లేదు. ఉక్కు తెల్లగా, పచ్చి గాయంలా మెరుస్తోంది. దాని చుట్టూ వైరు బ్రష్షు తిరిగిన గుండ్రటి గీతలు. ఎవరో చేతి డ్రిల్లుతో మొదలుపెట్టి, బాగా రాక ఆపేశారు. ఎవరో ఏమిటి, డ్రిల్లు మిషారీ గదిలోనే ఉంటుంది.

వెంకటేశ్వరి వినగానే తల పట్టుకుంది. “నేను చెప్పలేదాన్నా? ఇప్పుడు ఈ ఇంట్లో పాలిష్ పట్టేది ఎవరు? నువ్వే. ఎవరినడిగినా నీ పేరే చెప్తారు. పోయి బాబాకు చెప్పు, నేను చేయలేదని.”

“కొడుకు మీద తండ్రికి చాడీ చెప్పాల్నా? గది ఇంకో తంటా.”

“మరి నోరు మూసుకోని కూర్చుంటావా?”

అతను లేచి గదికి వెళ్ళిపోయాడు. ఆ మాటే ఫోనులో భార్య పుష్పకు చెప్తే, “అడిగితె ఉన్నది ఉన్నట్టు చెప్పు. అడగకముందుకు పోకు” అంది. అలాగే చేద్దామనుకున్నాడు.

గురువారం సాయంత్రపు అసరు నమాజు అయ్యాక డాక్టర్ యూసుఫ్ వచ్చాడు. డెబ్బై ఏళ్ళ సన్నటి మనిషి, పళ్ళ డాక్టరుగా పనిచేసి మానుకున్నాడు. ఆయన తాతలు బొంబాయితో ఖర్జూరాల వ్యాపారం చేసినవాళ్ళు. చిన్నప్పుడు ఆ ఊళ్ళోనే పెరిగాడు కాబట్టి కాఫీ పోస్తున్న గంగాప్రసాద్‌తో చక్కటి హిందీలో “ఏ ఊరు భాయ్?” అన్నాడు. తెల్లటి నూలు తొడుగులు వేసుకుని, కంటికి భూతద్దం బిగించి, పిస్తోలును కిటికీ వెలుతురులో తిప్పడం మొదలుపెట్టాడు. గంగాప్రసాద్ దల్లా పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. వెళ్ళమని ఎవరూ అనలేదు, అతనికి కదలబుద్ధి కాలేదు.

పిడి వెనక తెల్లటి మచ్చ దగ్గర డాక్టరు చెయ్యి ఆగింది. “ఇది కొత్తది. ఈ వారంలో చేసిన పని. ఎవరు చేశారు?”

బాబా తలెత్తాడు. ఆయన చూపు నేరుగా గంగాప్రసాద్ మీదికే వచ్చింది. ఆ ఇంట్లో వేరే ఎవరి మీదికి వెళ్తుంది? “బ్రసాద్?”

గంగాప్రసాద్ దల్లాను కింద పెట్టాడు. “నేను కాదు బాబా” అన్నాడు. మిషారీ తివాచీ అంచును కాలి బొటనవేలితో మడుస్తూ కూర్చున్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు.

“నేనే చేశాను. బ్రసాద్ వద్దన్నాడు. నాలుగు రోజులనుంచి వద్దనే అంటున్నాడు.”

బాబా గంగాప్రసాద్ వైపు తిరిగి, “కూర్చో” అన్నాడు. ఆ దివానియాలో పదిహేనేళ్ళుగా కాఫీ పోస్తున్నా అతిథుల ఎదుట అతను ఎన్నడూ అక్కడ కూర్చోలేదు. తివాచీ చివర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

డాక్టర్ యూసుఫ్‌కు కుతూహలం కలిగింది. “వద్దని ఎందుకన్నావు?”

గంగాప్రసాద్ హిందీలో చెప్పాడు. బాలానగర్ చక్రం సంగతి, రెండు దల్లాల సంగతి, ఈ పిస్తోలు అక్షరాల అంచులు మెత్తగా ఉండి పైన పూత నిండుగా ఉన్న సంగతి. “నాకంటే ముందే ఎవరో దీన్ని రుద్ది రంగు వేశారు సాబ్. అయితే ఇది ముందే చెడిపోయినట్టా? చెడిపోయినదాన్ని మళ్ళీ రుద్దితే తప్పేమిటి? ఇది నాకు ఎంత ఆలోచించినా తేలలేదు.”

డాక్టరు ముఖం వెలిగిపోయింది. భూతద్దం తీసి గంగాప్రసాద్ చేతికిచ్చి, గొట్టం మొదట్లో ఒకచోట చూపించాడు. “చదువు.”

ఎఫ్, టి, ఆర్. పక్కన యాభై మూడు.

“ఫ్యాక్టరీలో పూర్తిగా మరమ్మతు చేశారని ఆ ముద్రకు అర్థం. యుద్ధంలో వాడి వాడి అరిగిపోయిన పిస్తోళ్ళను సైన్యం వాళ్ళే యాభై మూడులో కారఖానాకు పంపి, రుద్ది, నల్ల పూత వేసి కాల్చారు. నువ్వు చూసిన మెత్తటి అంచులు వాళ్ళ పనే. అది దీని జీవితంలో భాగం. నాలాంటివాడు దాన్ని లోపం కింద లెక్కవేయడు, కథ కింద చదువుకుంటాడు. దాని మీద ఇప్పుడు ఇంట్లో కూర్చుని రుద్దితే అది ఎవరి కథా కాదు. పోయింది మళ్ళీ రాదు.”

“ఎంత తేడా వస్తుంది?” అని మిషారీ అడగలేక అడిగాడు.

“ఇది మరీ అరుదైనదేం కాదు, ఇలాంటివి లక్షల్లో చేశారు. ఇలాగే ఉంటే ఒక మంచి టీవీ ధర వస్తుంది. మొత్తం మెరిపిస్తే ఆ టీవీ పెట్టుకునే బల్ల ధర. అదే అరుదైన వస్తువైతే ఇంకా ఘోరంగా పడిపోయేది.”

“ఎప్పుడూ ఇంతేనా సాబ్? రుద్దితే ధర పెరిగేవి ఏవీ ఉండవా?” గంగాప్రసాద్ వదల్లేదు.

“ఉంటాయి. తుప్పు తిని గుర్తుపట్టరాకుండా అయిపోయినది ఉందనుకో, అందులో పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు. తెలిసిన పనివాడు బాగుచేస్తే మంచిదే. చేసిన పని దాచకుండా చెప్పి అమ్మాలి. ఇదింకా ఆ స్థితికి రాలేదు. దీనికి కావలసింది కాస్త నూనె, మెత్తటి బట్ట.” డాక్టరు పిస్తోలును ఎడమవైపుకు తిప్పాడు. “ఆ మచ్చకు కొంత తగ్గుతుంది. ఇదిగో, ఈ గీతలకు ఇంకొంత. ఎవరో గీకి పాడుచేశారు.”

“అవి గీకినవి కాదు సాబ్” అన్నాడు గంగాప్రసాద్. అన్నాక తనకే ఆశ్చర్యం వేసింది. “మూడూ ఒకే లోతున్నాయి. ఎవరో కావాలని గీశారు. ఒక నిలువు గీత, పక్కన సగం చుట్టు, కింద ఇంకో చిన్న గీత.”

జపమాల శబ్దం ఆగింది. బాబా పిస్తోలును ఇమ్మని చెయ్యి చాపాడు. కళ్ళజోడు పెట్టుకున్నా ఆయనకు ఆనలేదు. కళ్ళజోడు తీసేసి, బొటనవేలి గోటిని ఆ గీతల వెంట మెల్లగా జరిపాడు. తరవాత తివాచీ నూగు మీద వేలితో అదే బొమ్మ గీశాడు. నిలువు గీత, సగం చుట్టు, చిన్న గీత.

“ఇది మా నాన్న ఒంటెల ముద్ర” అన్నాడు. “మా ఒంటెల మెడ మీద ఇదే కాల్చేవాళ్ళు. ఆయన చమురు గోదాము కాపలాకు చేరినప్పుడు ఆరుగురు కావలివాళ్ళకు ఆరు ఒకే రకం పిస్తోళ్ళు ఇచ్చారు. ఒకరిది ఒకరు తీసుకుని రోజూ గొడవపడేవాళ్ళట. నాన్నకు చదువు రాదు. తనదని తెలియడానికి ఏదో గుర్తు పెట్టానని నాకు చెప్పాడు. అరవై ఏళ్ళు ఈ పిస్తోలు నా ఇంట్లో ఉంది. ఆ గుర్తు ఎక్కడుందో నేనెప్పుడూ వెతకలేదు.”

డాక్టర్ యూసుఫ్ మెల్లగా తొడుగులు విప్పాడు. “చూశావా భాయ్” అని గంగాప్రసాద్‌తో హిందీలో అన్నాడు, “నా లెక్కలో ఆ గీతలకు ధర తగ్గుతుంది. ఈయన లెక్కలో ధరే ఉండదు. నేను కొనలేను, ఈయన అమ్మలేడు. యల్లా, కానియ్యి, ఇంకో కాఫీ పొయ్యి.”

పిస్తోలు అమ్ముడుపోలేదు. మిషారీ రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడో రోజు కొత్త నూనె సీసా కొనుక్కొచ్చాడు. తుడవడం ఎలాగో చూపించమని గంగాప్రసాద్‌నే అడిగాడు. తన చేతి మచ్చను నల్ల రంగుతో కప్పేయమంటావా అని కూడా అడిగాడు. వద్దు, నూనె మాత్రం రాస్తూ ఉండు, నీ తరవాత చూసేవాళ్ళు అది నీ పనేనని తెలుసుకోనీ అన్నాడు గంగాప్రసాద్. మిషారీ పెద్దగా నవ్వాడు. అతను అలా నవ్వడం వెంకటేశ్వరి కూడా వంటింట్లోంచి విన్నది.

డాక్టర్ యూసుఫ్ మాత్రం ఊరుకోలేదు. అబూ మిషారీకి ఫోను చేసి, శుక్రవారం పూట ఆ డ్రైవరును మా ఇంటికి పంపుతావా, ఆయుధాలు ముట్టుకోనవసరం లేదు, పాత పడవల సామాను గదినిండా ఉంది, చూసే కన్ను కావాలి అన్నాడు. బాబా సరేనన్నాడు. అలా గంగాప్రసాద్ రుమైథియా వెళ్ళడం మొదలైంది. దిక్సూచులు, లాంతర్లు, తాళాలు, తూకపు రాళ్ళు. మొదటి రోజు వాటిలో ఒక్కదాన్నీ తుడవకుండా ఊరికే తిరిగి చూస్తూ గడిపాడు. డాక్టరు కూడా తొందరపెట్టలేదు. ఏది ఎవరు ఎప్పుడు రుద్దారో ఇద్దరూ కలిసి ఊహించి, కాగితం మీద రాసుకున్నారు. తరవాత డాక్టరు పుస్తకాలు తీసి సరిచూస్తే, ఏడింట్లో రెండు చోట్ల గంగాప్రసాద్ మాట తప్పయింది, నాలుగు చోట్ల డాక్టరు మాట. మిగిలిన ఒక్కటీ ఎవరికీ తేలలేదు.

ఇప్పుడు వాళ్ళ మధ్య ఒక పడవ గంట ఉంది. సముద్రం అడుగున చాలాకాలం పడి ఉండి, ఒక పక్కంతా సున్నం, చిన్న చిన్న గుల్లలు గట్టిగా పట్టిన కంచు గంట. వాటి కింద పడవ పేరు ఉండి ఉండవచ్చని డాక్టరు అంటాడు. ఒక అంగుళం మేర గుల్లలు తీసి చూద్దామంటాడు. గుల్లలు కూడా దాని జీవితంలో భాగమే గదా, మీరే చెప్పారు గదా సాబ్ అని గంగాప్రసాద్ అడ్డుపడతాడు. మరి పేరు చదవకుండా ఎలా అని డాక్టరు, పేరు లేకపోతే ఏం చేస్తారు అని ఇతను. మూడు శుక్రవారాలు అయింది. పోయిన వారం డాక్టరు భార్య లోపలికి వచ్చి, ఇద్దరి ముందూ టీ పెట్టి, ఇంకా ఆ గంట దగ్గరే ఉన్నారా అని అడిగింది. గంగాప్రసాద్ గంట మీదికి వంగి, ఒక గుల్ల పక్కన కనిపించీ కనిపించని, అక్షరం లాంటి సన్నటి అంచును భూతద్దంలోంచి చూస్తున్నాడు.